ఎవరి వాకిట్లో సంక్రాంతి?

సంక్రాంతికి మన పత్రికల్లో వచ్చే కథలు, కవితలు వరసగా చదివితే ఒకే ఇల్లు మళ్ళీ మళ్ళీ కనిపిస్తుంది. విశాలమైన వాకిలి, దాన్నిండా ముగ్గు, ముగ్గులో గొబ్బెమ్మలు, వీధి అరుగు, మండువా, పెరట్లో గాదె, సావిట్లో ఎడ్లు. ఇదే తెలుగువాడి ఇల్లు, ఇదే తెలుగువాడి పండగ అన్నట్టు రాస్తాం. ఈ ఇల్లు అబద్ధం కాదు. కాని అందరి ఇల్లూ కాదు. పండగ గురించి రాసేవాళ్ళు ముందుగా తేల్చుకోవలసిన సంగతి ఇది.

ఒకసారి నా తరగతి పిల్లలకు ‘మా ఇంట్లో సంక్రాంతి’ అని వ్యాసం ఇచ్చాను. తరగతి మొత్తం రాసిన ఇల్లు ఒకటే. కాలవ గట్టు మీద ఒంటిగది పాకలో ఉండే పిల్లవాడు కూడా గాదెలూ గంగిరెద్దులూ అరిసెలూ అనే రాశాడు. వాడు పాఠ్యపుస్తకంలోని ఇల్లు రాశాడు. తన ఇల్లు వ్యాసానికి పనికివస్తుందని వాడికెవరూ చెప్పలేదు, నేనూ చెప్పలేదు.

సంక్రాంతి ఆచారాలను విడదీసి చూస్తే ఒక్కొక్కటీ ఇంట్లో ఒక్కొక్క భాగాన్ని అడుగుతుంది. ధనుర్మాసమంతా ముగ్గు పెట్టాలంటే మట్టి వాకిలి ఉండాలి. పేడనీళ్ళు కళ్ళాపి చల్లితే దుమ్ము అణుగుతుంది, తడిసిన నేల మీద తెల్లటి పిండి తేటగా కనిపిస్తుంది. పేడకు పశువులుండాలి. ఆ పేడతోనే గొబ్బెమ్మలు. అవి ఎండితే పిడకలు. కోస్తాలో చాలా ఇళ్ళలో రథసప్తమినాడు పరమాన్నం వండేది వాటి మీదే. అరిసెకు నానిన బియ్యాన్ని తడి ఆరకముందే దంచాలి, బెల్లం పాకం పట్టాలి. అందుకు రోలూ రోకలీ, పెద్ద పొయ్యీ, నలుగురు ఆడవాళ్ళ రెక్కలూ కావాలి. కనుమకు ఎడ్లుండాలి. హరిదాసు పాత్రలో పొయ్యడానికి ఇంట్లో గింజలుండాలి. సార్వా పంట నూర్చి ఇంటికి చేర్చుకునే రోజుల్లో వచ్చే పండగ కనక, పంట ఎవరి ఇంటికి చేరిందో పండగా ఆ ఇంటికే నిండుగా చేరింది. ఈ ఆచారాలన్నిటికీ భూమి ఉన్న రైతు ఇల్లే అచ్చు.

ఇల్లు పండగను మలచినట్టే పండగ ఇంటినీ మలచింది. మట్టిగోడ, తాటాకు కప్పు వానాకాలం తర్వాత బాగు చేసుకోకపోతే నిలవవు. గోడలు మెత్తడం, నేల అలకడం, సున్నం కొట్టడం, అరుగులకు ఎర్రమట్టి పూయడం ఎప్పుడో ఒకప్పుడు జరగాలి. పండగ దానికి గడువు పెట్టింది. తెలంగాణలో దసరాకు ముందు, కోస్తాలో సంక్రాంతికి ముందు ఇళ్ళు కొత్తబడటంలో భక్తి ఎంత ఉందో, మట్టి ఇంటి అవసరమూ అంత ఉంది.

ఇంటి కట్టుబడిలో మరో సంగతీ ఉంది. అరుగు మీద కూర్చునేవాడు, వాకిట్లో నిలబడి బిచ్చం తీసుకునేవాడు, పెరటి దారిన గొడ్లసావిడి వరకే రాగలవాడు వేరువేరు మనుషులు. ఎవరు ఎక్కడ ఆగాలో ఇల్లే చెప్పేది. సావిట్లో పేడ ఎత్తిన దళిత పాలేరు, ఆ పేడతో చేసిన గొబ్బెమ్మ వాకిట్లో పూజలందుకుంటున్నా, ఆ ఇంటి గడప దాటలేడు. ఈ దృశ్యం మన సంక్రాంతి కవిత్వంలో ఎంత అరుదో విద్యార్థులు వెతికి చూడాలి.

మరి ఆ పాలేరు ఇంట పండగేమిటి? గుడిసెను ఆనుకుని గుడిసె ఉన్న పల్లెలో ముగ్గుకు వాకిలి లేదు, కనుమకు సొంత ఎడ్లు లేవు. 1876–78 కరువు వెనకే, 1878 జూలై 3న ఒంగోలు ప్రాంతంలో ఒక్కరోజున 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్ళలో అత్యధికులు దళితులు. ఇలాంటి పల్లెలకు క్రిస్మస్ సొంత పండగ అయింది. ఆ పండగకు సున్నం కొట్టిన గోడ, ఇంటి మీద కాగితపు నక్షత్రం, చేతనైతే కొత్తబట్ట చాలు. మిగతాది చర్చిలో, రాత్రిళ్ళు పాటలు పాడుతూ తిరిగే వీధిలో జరుగుతుంది. ఇంట్లో చోటు లేని పండగ ఉమ్మడి స్థలాన్ని వెతుక్కుంటుంది. తెలంగాణ, రాయలసీమ ఊళ్ళలో కులమతాల తేడా లేకుండా జనం పీర్ల చావడి దగ్గర చేరడంలోనూ ఈ లక్షణం చూడవచ్చు.

ఈ రెండో గడపను సాహిత్యం అసలు చూడలేదనడం సరికాదు. ఉన్నవ ‘మాలపల్లి’ 1922లోనే నవలను ఆ ఇంటిలోకి తీసుకుపోయింది. 1941 నాటి ‘గబ్బిలం’లో జాషువా కథానాయకుడు తన మొర శివుడికి చేరవేయడానికి గబ్బిలాన్ని ఎంచుకున్నాడు, తాను పోలేని గుడిలోకి అది పోగలదు గనక. గడప అంటే ఏమిటో తెలిసినవాడి ఎంపిక అది. తర్వాత వచ్చిన పండగ రచనల్లో ఆ ఎరుక చాలావరకు పలచబడింది.

ఇవాళ ఆ పెద్ద ఇల్లూ మారింది. ట్రాక్టరు వచ్చి సావిడి ఖాళీ అయింది. యంత్రం కోసిన ధాన్యం పొలంలోంచే మిల్లుకు పోతుంటే గాదెతో పనిలేదు. అపార్టుమెంటులో వాకిలంటే నలుగురూ నడిచే వరండా. అక్కడ ముగ్గు అంటించుకునే కాగితమైంది. భోగిమంట ఎన్ని ఇళ్ళున్నా కింద ఒకటే. అరిసెలు కొట్లో దొరుకుతున్నాయి, కాని ఆ పొయ్యి దగ్గర కూలికి నిలబడ్డదీ ఎక్కువగా ఆడవాళ్ళే. ఇంటి ఆడవాళ్ళ చాకిరీ కొంత తగ్గింది; అది వేరొకరి కూలి అయింది. ఇక ఊళ్ళో పాత ఇల్లు ఏడాదంతా తాళంతో ఉండి, నగరం నుంచి పిల్లలు వచ్చిన మూడురోజులే తెరుచుకుంటోంది. ఒకప్పుడు పండగకోసం ఇంటిని బాగుచేసేవారు. ఇప్పుడు కొన్ని ఇళ్ళు పండగకోసమే మిగిలాయి.

పేదవాడి ఇల్లూ మారింది. 2016లో మొదలైన ప్రధానమంత్రి గ్రామీణ ఆవాస్ పథకం కొత్త ఇంటికి వంట చోటుతో కలిపి కనీసం 25 చదరపు మీటర్లు ఉండాలంది. గుడిసెతో పోలిస్తే అది మేలే. కాని అరుగూ వాకిలీ ఆ లెక్కలో లేవు. అక్కడి ఆడపిల్ల ముగ్గు పెట్టాలంటే సిమెంటు రోడ్డు మీదే పెట్టాలి. పెడుతోంది కూడా. పాత ఇంటి ఆచారం సొంత వాకిలి లేని పిల్ల చేతిలో ఏ అర్థం తెచ్చుకుంటోందో కథకులు పట్టుకోవలసింది అక్కడ.

ముగ్గునూ గొబ్బెమ్మనూ వర్ణించవద్దని కాదు. వాటిలో తరతరాల స్త్రీల శ్రమ, నైపుణ్యం ఉన్నాయి. వర్ణించేటప్పుడు ఆ వాకిలి ఎవరిది, పేడ ఎత్తిందెవరు, పిండి దంచిందెవరు, గడప అవతల ఆగిందెవరు అని రచయిత తనను తాను అడగాలి. పాఠం చెప్పేవాళ్ళమూ అడగాలి. ఈసారి వ్యాసం ఇస్తే ముందుగా ‘మీ ఇంటికి వాకిలి ఉందా?’ అనే మొదలుపెడతాను.