అక్వేరియంకు క్యానిస్టర్ ఫిల్టరు: తక్కువ ఖర్చులో సరైన ఎంపిక

అద్దాల తొట్టిలో ఈదులాడే రంగుచేపలు ఇంటికి అందం; వాటిని పెంచి అమ్మే కుటుంబానికి జీవనాధారం. పుదుచ్చేరి పట్టణంలోను, ఆ కేంద్రపాలిత ప్రాంతంలోనే ఉన్న మన యానాంలోను అలంకార చేపల పెంపకాన్ని గాని, అక్వేరియం సామగ్రి అమ్మకాన్ని గాని చేపట్టదలచిన పాఠకులు ముందుగా తెలుసుకోవలసిన విషయం నీటి శుద్ధి. చేపలు చాలావరకు రోగంతో కాక నీరు చెడి చనిపోతాయి. ఋణం తెచ్చి పెట్టిన పెట్టుబడి ఒక్క రాత్రిలో నీటిపాలు కాకుండా కాపాడేది ఫిల్టరే. కనుక దానిని ధర చూసి మాత్రమే కొనరాదు. ధర చూడకుండానూ కొనరాదు.

క్యానిస్టర్ ఫిల్టరు పనిచేసే తీరు

ఇది తొట్టికి వెలుపల, సాధారణంగా బల్ల కింద ఉంచే మూతగల డబ్బా. తొట్టిలోని నీరు ఒక గొట్టం ద్వారా ఇందులోకి దిగి, స్పాంజి, సిరామిక్ రింగుల వరుసల గుండా ప్రవహిస్తుంది. మోటారు దానిని తిరిగి తొట్టిలోకి పంపుతుంది. స్పాంజి మురికిని పట్టి ఉంచుతుంది. అసలు పని మాత్రం రింగులపై నివసించే సూక్ష్మజీవులది. చేపల విసర్జనల వలన, మిగిలిన మేత వలన అమోనియా అనే విషం పుడుతుంది. ఈ సూక్ష్మజీవులు దానిని మొదట నైట్రైటుగాను, తరువాత అంతగా హాని చేయని నైట్రేటుగాను మారుస్తాయి. కొత్త ఫిల్టరులో ఈ జీవులు తగినంతగా పెరగడానికి సుమారు 4 నుండి 6 వారాలు పడుతుంది. కాబట్టి వ్యాపారి మిత్రులు తొట్టి, ఫిల్టరు, నిండుగా చేపలు ఒకేనాడు అమ్మడం మంచిది కాదు. ఆనాటి అమ్మకం పెరిగినా, చేపలు చనిపోతే ఆ ఖాతాదారు మరల మీ దుకాణం మెట్లెక్కరు.

మీకు ఇది అవసరమా?

పెరటిలో సిమెంటు తొట్లలో గప్పీ, మోలీ వంటి చేపలను పెంచేవారికి క్యానిస్టర్ ఫిల్టరు అవసరం లేదు. దాని పీల్పుకు చిన్నపిల్లలు గొట్టంలోకి పోతాయి. అక్కడ గాలి పంపుతో నడిచే స్పాంజి ఫిల్టరే చవక, క్షేమం. ఒకే పంపుతో అనేక తొట్లకు గాలి అందించవచ్చు. దుకాణంలోని ప్రదర్శన తొట్టికి, గోల్డ్‌ఫిష్ వంటి ఎక్కువ మురికి చేసే చేపలకు, ఇంట్లోని పెద్ద తొట్టికి క్యానిస్టర్ ఉపయోగకరం.

లెక్క కట్టే పద్ధతి

తొట్టి పొడవు, వెడల్పు, ఎత్తులను సెంటీమీటర్లలో గుణించి 1,000తో భాగిస్తే లీటర్లు వస్తాయి. 90 × 45 × 45 తొట్టిలో 182 లీటర్లు పడతాయి. ఇసుక, రాళ్లు, పైన వదలిన ఖాళీ తీసివేస్తే నికరంగా 160 లీటర్లు అనుకోవచ్చు. గంటకు కనీసం నాలుగు సార్లు నీరు తిరగాలంటే 640 లీటర్ల ప్రవాహం కావాలి. పెట్టెపై ముద్రించిన అంకె ఖాళీ డబ్బాతో కొలిచినది. లోపల స్పాంజి, రింగులు నింపిన తరువాత అందులో మూడోవంతు వరకు తగ్గవచ్చు. కనుక ఈ తొట్టికి 1,000 లీటర్లని ముద్రించినది తగినది.

నిజమైన ప్రవాహాన్ని మీరే కొలవవచ్చు. నీరు బయటకు వచ్చే గొట్టాన్ని తొట్టి అంచు ఎత్తులోనే ఉంచి 10 లీటర్ల బకెట్టు నింపండి. ఎన్ని సెకన్లు పట్టిందో చూసి 36,000ను ఆ సంఖ్యతో భాగించండి. 55 సెకన్లు పడితే గంటకు సుమారు 655 లీటర్లు.

చవక ఏది?

ఉదాహరణకు ఒక ఫిల్టరు ధర రూ. 4,000, విద్యుత్తు 35 వాట్లు, మరొకటి రూ. 6,500, 20 వాట్లు అనుకుందాం. ఫిల్టరు రాత్రింబగళ్లు నడవాలి. 15 వాట్ల తేడా నెలకు 10.8 యూనిట్లు, ఏడాదికి దాదాపు 130 యూనిట్లు. యూనిటుకు రూ. 6 చొప్పున ఏటా రూ. 780 మిగులుతుంది. అదనంగా పెట్టిన రూ. 2,500 తిరిగి రావడానికి మూడేళ్లు దాటుతుంది. అది అప్పు సొమ్మయితే వడ్డీతో నాలుగేళ్లకు పైమాటే. అంటే విద్యుత్తు పొదుపు ఒక్కటే చూసి ఎక్కువ ధర పెట్టనక్కరలేదు. ఖరీదైన ఫిల్టరు ఆ నాలుగేళ్లకు మించి నడిచినప్పుడే అది చవక.

అందుకు విడిభాగాలే ఆధారం. మూతకు అమర్చే రబ్బరు వలయం, మోటారులో తిరిగే రెక్క, దాని ఇరుసు కాలక్రమంలో అరిగిపోతాయి. ఇవి పుదుచ్చేరిలోనే దొరుకుతాయా, లేక రంగుచేపల వ్యాపారానికి పేరుపొందిన చెన్నైలోని కొళత్తూరు దాకా వెళ్లాలా అని ముందే విచారించండి. పది రూపాయల రబ్బరు కోసం ప్రయాణ ఖర్చు పెట్టవలసి వస్తే చవక సరుకు చవక కాదు. వ్యాపారులు ఈ విడిభాగాలను నిల్వ ఉంచితే అదే మీ దుకాణానికి మంచి పేరు.

తీర ప్రాంతంలో జాగ్రత్తలు

ఉప్పుగాలికి ప్లగ్గులు, లోహపు బిగింపులు తుప్పు పడతాయి. ఎర్తింగ్ తప్పనిసరి. తీగను ప్లగ్గు కన్నా కిందికి వేలాడనిచ్చి పైకి తెస్తే, జారిన నీటిబొట్లు ప్లగ్గులోకి పోవు. బోరు నీరు ఉప్పగా, కఠినంగా ఉంటే రెక్కపై తెల్లని పొర పేరుకుంటుంది. నెలకొకసారి తీసి తుడవాలి. రింగులను కుళాయి నీటితో కడగరాదు. అందులోని క్లోరిన్ మేలుచేసే సూక్ష్మజీవులను చంపుతుంది. తొట్టి నుండి తీసిన నీటిలోనే జాడించాలి.

2011 డిసెంబరు 30న థానే తుఫాను, 2024 నవంబరు 30న ఫెంజల్ తుఫాను పుదుచ్చేరి సమీపంలో తీరం దాటాయి. అటువంటి వేళల్లో కరెంటు గంటల తరబడి, ఒక్కొక్కప్పుడు రోజుల తరబడి ఉండదు. మూసిన డబ్బాలో ప్రాణవాయువు తరిగి సూక్ష్మజీవులు చనిపోతాయి, నీరు కుళ్లుతుంది. కరెంటు రాగానే స్విచ్చి వేస్తే ఆ కుళ్లు నీరు నేరుగా చేపల మీదికి పోతుంది. కొన్ని గంటలపాటు ఆగి ఉంటే డబ్బాలోని నీటిని పారబోసి, రింగులను జాడించిన తరువాతనే నడపండి. బ్యాటరీతో నడిచే చిన్న గాలి పంపు ఒకటి ఇంట ఉంచుకోవడం ఫిల్టరు కొనడమంత ముఖ్యం.

ఋణ సదుపాయం

ఇంటి అలంకరణకు కొనే ఫిల్టరు ఖర్చే గాని ఆదాయం కాదు. దానికి అప్పు చేయకపోవడమే శ్రేయస్కరం. పెంపకందారులకు 2018–19 నుండి కిసాన్ క్రెడిట్ కార్డు సౌకర్యాన్ని మత్స్యరంగానికి విస్తరించారు. అది మేత, పిల్లలు, విద్యుత్తు వంటి నిర్వహణ ఖర్చులకు. తొట్లు, ఫిల్టర్లు వంటి స్థిరసామగ్రికి కాలపరిమితి ఋణం కోరాలి. దుకాణదారులు 2015లో ప్రారంభమైన ముద్రా ఋణాన్ని పరిశీలించవచ్చు. శిశు విభాగంలో రూ. 50,000 వరకు లభిస్తుంది. 2020లో ప్రారంభమైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో అలంకార చేపల యూనిట్లకు యూనిట్ ఖర్చులో సాధారణ వర్గాలకు 40 శాతం, మహిళలకు, షెడ్యూల్డు కులాలు, తెగల వారికి 60 శాతం సహాయం నిర్ణయించారు. మీకు వర్తించేదీ లేనిదీ మత్స్యశాఖ కార్యాలయంలో అడిగి, ఆ తరువాతనే ధరల పట్టికతో బ్యాంకు శాఖను సంప్రదించండి.

కొనేముందు తొట్టి కొలత, నిజమైన ప్రవాహం, వాట్లు, విడిభాగాలు, హామీపత్రం అనే ఐదింటిని కాగితంపై వ్రాసుకొని దుకాణానికి వెళ్లండి. హామీపత్రంపై తేదీ, ముద్ర వేయించుకొని రసీదుతో పాటు భద్రపరచండి. ఈ అయిదింటికీ తృప్తికరమైన జవాబు ఇచ్చిన వర్తకుని వద్దనే సొమ్ము చెల్లించండి.