సరస్సు చుట్టు నడక

మన పాఠశాల పత్రికలో ప్రతి సంవత్సరమును వ్యాయామమును గూర్చి యొక వ్యాసముండుట వాడుక. సాధారణముగా దానిని డ్రిల్లు మాష్టరుగారు వ్రాయుదురు. ఈ తడవ ఆ పని నాకు వచ్చుటకు కారణము నేను గొప్ప వ్యాయామశీలుడనగుట కాదు. ఇరువది సంవత్సరములు కుర్చీలోను నల్లబల్ల యెదుటను గడపి, నలువది మూడవ యేట మధుమేహము తెచ్చుకొన్నవాడను. మా తండ్రిగారు ఈ వ్యాధి చేతనే యొక కాలు పోగొట్టుకొని, ఏబది యెనిమిదవ యేట ప్రభువునందు నిద్రించిరి. నా రక్తపరీక్ష కాగితమును చూచిన వైద్యురాలు మాత్రలు వ్రాసి, "మాష్టరుగారూ, ఈ మాత్రలు సగము పనియే చేయును. తక్కిన సగము మీ కాళ్లు చేయవలసినదే" అనిరి. ఆ మాట విన్న నాటి రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

2024వ సంవత్సరము మే మాసములో పదునలుగురు బాలురతోను, మరియొక ఉపాధ్యాయునితోను కొడైకెనాలులో పది దినములుండు అవకాశము కలిగినది. అచ్చట నడచితిమి, కొండలెక్కితిమి, సైకిళ్లు త్రొక్కితిమి. అందు నేర్చుకొన్న సంగతులను విద్యార్థులకును, వారి తలిదండ్రులకును తెలుపవలెనని నా యుద్దేశము.

కొడైకెనాలు తమిళనాడులోని పళని కొండల మీద, సముద్రమట్టమునకు 2,100 మీటర్లకు పైగా ఎత్తున నున్న పట్టణము. మన ప్రాంతము నుండి పోవువారు మద్రాసు మీదుగా కొడై రోడ్డు స్టేషనులో దిగి, అచ్చట నుండి సుమారు 80 కిలోమీటర్లు ఘాటురోడ్డున ఎక్కవలెను. ఆ యూరు పుట్టుటయే ఆరోగ్యము కొరకు పుట్టినది. మధుర జిల్లాలో పనిచేయుచుండిన అమెరికను మిషనరీలు జ్వరములచే తమ వారిని పోగొట్టుకొని, చల్లని స్థలమును వెదకుకొనుచు పోయి, 1845లో అచ్చట ఇండ్లు కట్టుకొనిరి. అప్పటికి బండ్లు పోవు దారి లేదు. కొండ క్రిందనున్న తోపు నుండి కాలినడకనో, గుఱ్ఱము మీదనో, బోయీలు మోయు డోలీలలోనో ఎక్కుచుండిరి. తరువాతి కాలమున దక్షిణదేశములోని పలు మిషనుల వారు వేసవిలో అచ్చటికి చేరుట మొదలిడిరి. 1901లో వారి పిల్లల కొరకు స్థాపింపబడిన పాఠశాల నేటికిని నడచుచున్నది.

సరస్సు మాత్రము ప్రకృతి చేసినది కాదు. 1863లో మధుర కలెక్టరుగా నుండిన లెవింజి దొరగారు ఒక బురద లోయకు అడ్డకట్ట వేయించి దానిని నిర్మించిరి. దాని వైశాల్యము సుమారు 24 హెక్టారులు. చుట్టునున్న బాట సుమారు 5 కిలోమీటర్లు. ఇచ్చట లెక్కల మాష్టరుగా నేనొక మాట చెప్పక యుండలేను. 24 హెక్టారుల నీరు గుండ్రముగా నుండినచో దాని చుట్టుకొలత 1¾ కిలోమీటరునకు మించదు. (పదవ తరగతివారు లెక్క కట్టి చూచుకొనవచ్చును.) ఐదు కిలోమీటర్లెట్లయినది? ఆ సరస్సు నక్షత్రమువలె నలుప్రక్కల చేతులు చాచి లోయలలోనికి చొచ్చుకొని పోయినది. బాట ఆ చేతులన్నిటి చుట్టును తిరుగుచు పోవును. అందుచే నడచువానికి ప్రతి మలుపునందును క్రొత్త నీరు, క్రొత్త తీరము కనబడుచుండును గాని, ఇంకను ఎంత దూరమున్నదో కనబడదు. బాలురకిది మిక్కిలి మేలు చేసినది. దూరము కనబడినచో వారిలో సగముమంది కూర్చుండియుందురు.

మొదటి దినమున ఎవరిని పరుగెత్తనీయలేదు. ఏలయన, ఆ యెత్తున గాలి పీడనము సముద్రతీరమున నుండు దానిలో నూటికి డెబ్బది యెనిమిది వంతులు మాత్రమే. గాలిలో ప్రాణవాయువు పాలు మారదు. పీడనము తగ్గుటచే ఒక్కొక్క శ్వాసతో లోనికి పోవు ప్రాణవాయువు తగ్గును. ఆ కొఱతను తీర్చుకొనుటకు గుండెయు ఊపిరితిత్తులును త్వరగా పనిచేయును. ఒకటి రెండు దినములలో శరీరము దానికి కొంత అలవాటుపడును. అదియెరుగక వచ్చిన సాయంకాలమే మెట్లు పరుగెత్తి యెక్కిన యొక బాలుడు తలనొప్పితో అన్నము మానెను. తెల్లవారుసరికి తేరుకొనెను.

రెండవ దినమున ఉదయము ఆరు గంటలకు బయలుదేరితిమి. వేళ ముఖ్యము. తొమ్మిది దాటినచో సరస్సు చుట్టును కార్లు, బస్సులు, మొక్కజొన్న పొత్తుల బండ్లు, స్వారిగుఱ్ఱములు నిండిపోవును. వాహనముల రద్దీ అధికమగుటచే మద్రాసు హైకోర్టు ఆజ్ఞ మీద 2024 మే 7వ తేదీ నుండి వాహనములకు ఇ-పాసు విధింపబడినది. అయినను వేసవిలో పగటివేళ ఆ బాట నడచువారిది కాదని నా యభిప్రాయము. ఉదయమున మంచు నీటి మీద నుండి లేచుచుండును, రోడ్డు ఊడ్చువారును పాలవారును తప్ప ఎవరును ఉండరు.

ఎంత త్వరగా నడువవలెనని బాలురడిగిరి. దీనికి యంత్రమక్కరలేదు. నడచుచు మాటలాడగలిగి, పాట పాడలేకపోయినచో అది తగిన వేగము. పాట కూడ పాడగలిగినచో ఇంకను త్వరపడవచ్చును. మాటయే రాకున్నచో తగ్గవలెను. ఈ వేగమున ఐదు కిలోమీటర్లు సుమారు ఒక గంట పట్టును. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ప్రకటించిన సూచనల ప్రకారము పెద్దవారు వారమునకు కనీసము 150 నిమిషములు ఇట్టి వ్యాయామము చేయవలెను. ఐదు మొదలు పదునేడేండ్ల వరకుగల పిల్లలకు దినమునకు సగటున 60 నిమిషములు కావలెను. అనగా పిల్లల కొలత మన కొలత కంటె పెద్దది. మన విద్యార్థులలో ఇంటి నుండి బడికి అర మైలు దూరము కూడ ఆటోలో వచ్చువారెందరో తలిదండ్రులకే తెలియును.

నడక నావంటి రోగికేల పనిచేయునో వైద్యురాలు నాకు విప్పి చెప్పిరి. అన్నము తినగా రక్తములో చేరు చక్కెరను కండరములలోనికి పంపుటకు ఇన్సులిను అను రసము తాళపుచెవివలె పనిచేయును. మధుమేహమున ఆ తాళము సరిగా తిరుగదు. అయితే కండరము కదలుచున్నప్పుడు ఇన్సులిను సహాయము లేకయే కొంత చక్కెరను తనంతట తాను లోనికి తీసికొనును. పెద్ద కండరములు తొడలయందును పిరుదులయందును ఉన్నవి గనుక నడకయే సులభమైన మార్గము. భోజనమైన పిమ్మట పది పదునైదు నిమిషములు తిరిగినను ఫలము కనబడును. ఇన్సులిను సూదియో, చక్కెరను మిక్కిలి తగ్గించు మాత్రలో పుచ్చుకొనువారు మాత్రము వైద్యుని అడిగి, జేబులో కొంచెము పంచదారయో బెల్లమో పెట్టుకొని నడువవలెను. చెప్పులు కాక, కాలికి సరిపోవు బూట్లు మేజోళ్లతో తొడుగుకొనవలెను. ప్రతిరాత్రియు పాదములను చూచుకొనవలెను. మా తండ్రిగారి కాలు పోవుటకు మొదలు చిన్న బొబ్బయే. దానిని మేము వారము దినములు ఎవరమును చూడలేదు.

సైకిళ్లు సరస్సు ఒడ్డుననే అద్దెకు దొరకును. నాలుగవ దినమున అందరమును త్రొక్కితిమి. ఒకే దూరమునకు నడకకు ఖర్చగు శక్తిలో సుమారు మూడవ వంతే సమతలమున సైకిలునకు చాలును. కావున నడకకు సమానమైన వ్యాయామము కావలెనన్నచో మూడింతల దూరము పోవలెను. ఒకసారి చుట్టి వచ్చి చాలించిన బాలురకిది చెప్పగా వారు సంతోషముతో మరి రెండుసార్లు చుట్టిరి. మోకాళ్ల నొప్పిగల పెద్దవారికి సైకిలు నడక కంటె సుఖము, ఏలయన శరీరభారము సీటు మీద నుండును. అయితే సీటు ఎత్తు సరిగా నుండవలెను. పెడలు క్రిందికి పోయినప్పుడు మోకాలు ఇంచుమించు చాచుకొని, కొంచెము మాత్రము వంగియుండుట సరియైన కొలత. అద్దెబండ్లలో సీటు దించియుండుటయే ఎక్కువ.

వేధశాలకు పోవు ఎత్తుదారి నుండి దిగివచ్చునప్పుడు మాలో నొకడు పడెను. (ఆ వేధశాలలోనే 1909లో ఎవర్షెడ్ పండితుడు సూర్యుని మచ్చలలో వాయువులు లోపలి నుండి వెలుపలికి ప్రవహించుటను కనిపెట్టెను. సైన్సు విద్యార్థులు తప్పక చూడవలసిన స్థలము.) పల్లములో భయపడి వాడు ముందు బ్రేకును మాత్రము గట్టిగా పట్టెను. చక్రమాగినను శరీరము ఆగలేదు, బరువంతయు ముందునకు దూకి బండి తలక్రిందులయ్యెను. మోకాలు, అరచేతులు చీరుకొనిపోయినవి. తలకు టోపీ యుండుటచే తల నిలిచినది. పల్లములో రెండు బ్రేకులును కలిపి, పట్టుచు విడుచుచు, నడుమును సీటు వెనుకకు జరిపి దిగవలెనని నేను ముందే చెప్పవలసినది. చెప్పలేదు. ఆ తప్పు నాది.

కొండయెక్కుటను గూర్చి వివరముగా వ్రాయవలెను. 1872లో కోకరు అను సైనికోద్యోగి కొండయంచున వేయించిన బాట ఒకటి కలదు. అది సుమారు ఒక కిలోమీటరు, వృద్ధులు కూడ నడువదగినది. ఆకాశము నిర్మలముగా నున్నచో క్రింది మైదానములు కనబడును. ఇది కొండయెక్కుట కాదు, దాని రుచి మాత్రమే. ఎనిమిదవ దినమున పెరుమాళ్ మలకు పోయితిమి. అది 2,200 మీటర్లకు మించిన శిఖరము. అటవీశాఖ వారి యనుమతిని, దారి యెరిగిన స్థానికుని తోడును ముందుగానే సంపాదించుకొంటిమి. ఈ రెండును లేక ఆ అడవులలోనికి పిల్లలను తీసికొని పోరాదు. లోయలలో షోలా యను దట్టమైన చిన్న చెట్ల అడవులును, వాటి మీద గడ్డిమేటలును ఉండును. పండ్రెండేండ్లకొకసారి పూయు కురింజి ఆ మేటల మీదనే పెరుగును. 2018లో పూచినది, మరల 2030లో పూయవలెను. పొగమంచు కమ్మినచో పదిగజముల దూరమున దారి కనబడదు. వానలో జలగలు పట్టును. అడవిదున్నలు పట్టణము వీధులలోనికే వచ్చుచుండును. అవి సాధువులవలె నిలిచియుండును గాని, దగ్గరకు పోయి ఫోటో తీయుట ప్రాణాపాయము.

మా గుంపులో తొమ్మిదవ తరగతి బాలుడొకడు మిక్కిలి స్థూలకాయుడు. వాని తల్లి, "మావాడు నడవలేడండీ, జాగ్రత్త" అని నాకు మూడుసార్లు చెప్పి పంపినది. మొదట సరస్సు బాట మీద రెండవ కిలోమీటరునకే కూర్చుండెను. తోడివారు నవ్విరి. నేనును వానితో కూర్చుంటిని, నిజమునకు నాకును కూర్చుండుట అవసరమై యుండెను. మరునాటి నుండి మేమిద్దరము గుంపునకు వెనుక, పది నిమిషములు నడిచి రెండు నిమిషములు నిలిచి, మరల నడిచితిమి. ఆరవ దినమున వాడు నిలువక చుట్టి వచ్చెను.

పెరుమాళ్ మల మీద మాత్రము సగము దూరముననే వాని కాళ్లు వణకినవి. శిఖరము కనబడుచునేయున్నది. వాని కన్నులలో నీరు. "నేను ఎక్కలేనండి" అనెను. "నేనును ఎక్కలేను, దిగుదము రమ్ము" అంటిని. తక్కినవారిని రెండవ ఉపాధ్యాయునితోను, దారి చూపువానితోను పంపి, వెలుతురుండగానే వచ్చిన దారిననే, అడవి దాటని బాటన, మేము దిగితిమి. దిగుట సులభమనుకొనుట పొరపాటు. ఎక్కునప్పుడు తొడకండరము కుదించుకొని పనిచేయును, దిగునప్పుడు సాగుచు బరువును ఆపును. అట్లు సాగుచు చేయు పనియే కండరపు నారలను ఎక్కువగా గాయపరచును. అందుచేతనే నొప్పి నాడు కాక మరునాడును ఆ మరునాడును ముదురును. చిన్న చిన్న అడుగులు వేసి, మోకాలిని కొంచెము వంచి దిగవలెను. ఆ నొప్పి మూడు నాలుగు దినములలో పోవును. రెండవసారి అంతగా రాదు.

ఇంటికి వచ్చిన పిమ్మట అందరును అడిగిన ప్రశ్న, "అది కొడైకెనాలు గదా, మన యూరిలో ఎట్లు?" అని. మన యూరికి చెరువు లేదా? జూను మాసములో ఆ స్థూలకాయుడైన బాలుడే ఒక యుపాయము చెప్పెను. సైకిలు చక్రమునకు ఎఱ్ఱగుడ్డ కట్టి, గట్టు మీద బండిని నెట్టుకొని పోవుచు అది ఎన్నిసార్లు తిరిగినదో లెక్కపెట్టితిమి. చక్రపు చుట్టుకొలత 2 మీటర్ల 20 సెంటీమీటర్లు. తూము నుండి గట్టు చివర రావిచెట్టు వరకు 545 తిరుగుళ్లు, అనగా సుమారు 1,200 మీటర్లు. రెండుసార్లు పోయి వచ్చినచో కొడైకెనాలు సరస్సు చుట్టు దూరమునకు కొంచెము తక్కువ. చెట్టు దగ్గర ముండ్లకంప యుండెను, దానిని పంచాయతీవారు తీసివేయించిరి. రాత్రివేళ పాముల భయమున్నది గనుక తెల్లవారకముందు ఎవరును పోరాదు.

నా రక్తములోని చక్కెర తగ్గినది. వైద్యురాలు మాత్రను తగ్గించిరి గాని మానలేదు, నేనును అడుగలేదు. ఇప్పుడు ఉదయము అయిదున్నరకు తూము దగ్గర ఎనమండుగురము కలిసికొనుచున్నాము. ఆ బాలుడు వచ్చుచున్నాడు. క్రిందటి సోమవారము నుండి వాని తల్లియు వచ్చుచున్నది, ఆమె వెనుకబడినప్పుడు వాడు రెండు నిమిషములు నిలుచుచున్నాడు.