గ్యాస్ మార్చాక ఏసీ ఎందుకు నీరసిస్తుంది?

మే నెల భిలాయి ఎండ గురించి ఇక్కడ పనిచేసిన సహోద్యోగులకు చెప్పనక్కర్లేదు. మధ్యాహ్నం 44, 45 డిగ్రీలు ఇక్కడ వింత కాదు. ఉక్కు నగరంలో ఇంకో విశేషం, పాత కార్లు. ప్లాంటులో ఉద్యోగం చేసి రిటైరైన పెద్దలు 1990లలో కొన్న బండిని ఇప్పటికీ తుడిచి, కవరు కప్పి, ప్రాణంలా చూసుకుంటారు. సెక్టార్ 5 బాలాజీ గుడి దగ్గర ఆదివారం ఉదయం నిలబడితే అలాంటివి ఒకటి రెండైనా కనిపిస్తాయి.

మా బాబాయి గారి కారు 1994 మోడల్. పిన్నికి వారానికి మూడుసార్లు డయాలసిస్. ఇక్కడి నుంచి రాయపూర్ ఆసుపత్రికి సుమారు ముప్పై కిలోమీటర్లు. డయాలసిస్ అయ్యాక నీరసంగా ఉన్న మనిషిని మిట్టమధ్యాహ్నం వెనక్కి తీసుకురావాలి. ఆ కారులో ఏసీ సోకు కాదు, అవసరం. పాత గ్యాస్ దొరక్క ఏసీని కొత్త గ్యాసుకు మార్పించారు. అప్పటి నుంచి చల్లదనం సగమైంది. మార్చిన వర్క్‌షాపువాళ్లేమో కంప్రెసర్ పోయిందన్నారు. "ఒరేయ్, దాని ఖరీదులో సగం దానికే పెట్టాలట. అమ్మేయమంటావా?" అని బాబాయి నన్నడిగారు. అమ్మేముందు లెక్క చూద్దామన్నాను. ఆ వారం రోజుల్లో తెలుసుకున్నవి మన కుటుంబాల్లో మరికొందరికి పనికొస్తాయని రాస్తున్నాను.

అసలు గ్యాస్ ఎందుకు మారింది?

పాత కార్ల ఏసీలో ఉండేది ఆర్-12. ఇది క్లోరిన్ ఉన్న సీఎఫ్‌సీ. ఇలాంటి వాయువులు పైకి చేరి ఓజోన్ పొరను తినేస్తాయని 1974లో మోలినా, రోలాండ్ అనే శాస్త్రవేత్తలు హెచ్చరించారు. 1987లో మాంట్రియల్ ఒప్పందం కుదిరింది. మన దేశం 1992లో అందులో చేరింది. 2000లో నియమాలు వచ్చాయి. క్రమంగా ఆర్-12 తయారీ ఆగిపోయి, దాని స్థానంలో క్లోరిన్ లేని ఆర్-134ఎ వచ్చింది.

రెండూ దగ్గరి చుట్టాలే గాని కవలలు కావు. ముఖ్యమైన తేడాలు నాలుగు.

ఒకటి, నూనె. ఆర్-12తో పాటు మినరల్ ఆయిల్ తిరుగుతూ కంప్రెసర్‌ను తడుపుతుంది. ఆర్-134ఎలో ఆ నూనె కలవదు. ఎక్కడో ఒక మూల పేరుకుపోతుంది, కంప్రెసర్ ఎండిపోతుంది. అందుకే పాత నూనె తీసి, మార్పిడికి అనువైన ఎస్టర్ ఆయిల్ పోయాలి.

రెండు, తూకం. ఆర్-134ఎను పాత గ్యాస్ బరువులో దాదాపు 80 నుంచి 90 శాతమే నింపాలి. నిండుగా నింపితే ఎక్కువ చల్లబడదు, తక్కువే చల్లబడుతుంది.

మూడు, ఒత్తిడి. కండెన్సర్ బాగా వేడెక్కినప్పుడు ఆర్-134ఎ ఒత్తిడి ఆర్-12 కంటే ఎక్కువ. ఇంజిన్ ముందుండే ఆ జాలీ వేడిని బయటికి నెట్టలేకపోతే మొదట దెబ్బతినేది చల్లదనమే. మనలాంటి వేడి ఊళ్లలో అసలు సమస్య ఇక్కడే.

నాలుగు, డ్రయర్, రబ్బరు రింగులు. తేమను పీల్చే డ్రయర్ కొత్త గ్యాసుకు తగినదై ఉండాలి. పాత ఓ-రింగులు కూడా మార్చాలి.

డబ్బు పెట్టకుండా చేసే పరీక్షలు

ముందు ఒక చిన్న థర్మామీటరును మధ్య ఏసీ రంధ్రంలో పెట్టండి. కారు నీడలో ఉంచి, తలుపులు మూసి, లోపలి గాలే తిరిగే మీట వేసి, ఇంజిన్‌ను 1500 ఆర్‌పీఎం దగ్గర పది నిమిషాలు నడపండి. బాబాయి కారులో 19 డిగ్రీలు వచ్చింది. "చల్లగా లేదు" అనే మాట కన్నా ఈ అంకె మేలు. ప్రతి మార్పు తర్వాత దీనితోనే పోల్చుకోవచ్చు.

తర్వాత కంప్రెసర్ బెల్టు జారుతోందా, ఫ్యాన్ తిరుగుతోందా, కండెన్సర్ రెక్కల్లో దుమ్ము పట్టిందా చూడండి. హీటర్ వాల్వు పూర్తిగా మూసుకోకపోతే వేడినీరు లోపలికి వచ్చి, చల్లబడిన గాలిని మళ్లీ వేడిచేస్తుంది. ఆ నేరం గ్యాసు మీద పడుతుంది.

ఇంకో మంచి ఆనవాలు ఉంది. రోడ్డు మీద వేగంగా పోతున్నప్పుడు బాగుండి, సిగ్నల్ దగ్గర ఆగగానే గాలి వెచ్చబడితే అనుమానించాల్సింది కండెన్సర్ మీదుగా పోయే గాలిని, లేదా ఎక్కువైన గ్యాసును. కంప్రెసర్ అరిగితే ఇంజిన్ నెమ్మదిగా తిరిగినప్పుడు చల్లదనం తగ్గొచ్చు గాని, హై వైపు ఒత్తిడి పెరగదు, తగ్గుతుంది. బాబాయి కారు సుపేలా సిగ్నల్ దగ్గర వెచ్చబడి, హైవే ఎక్కగానే తేరుకునేది. సంగతి తేల్చడానికి గేజీలు కావాలి.

రెండు గేజీలు, రెండు పద్దులు

మనం ఖాతాలో ఒక వైపే చూసి తీర్పు చెప్పం. ఏసీకీ అంతే, లో, హై రెండు గేజీలూ కలిపి చదవాలి. రెండూ తక్కువైతే గ్యాస్ తక్కువ, అంటే ఎక్కడో లీకు. లో వైపు మరీ పడిపోయి, హై పెరగకపోతే ఎక్స్‌పాన్షన్ వాల్వు దగ్గర అడ్డు. లో ఎక్కువ, హై తక్కువైతే అప్పుడు కంప్రెసర్ బలహీనం. రెండూ ఎక్కువైతే గ్యాస్ ఎక్కువ, లేదా గాలి కలిసింది, లేదా కండెన్సర్ వేడి వదలడం లేదు.

పవర్ హౌస్ వైపు ఒక ఏసీ మెకానిక్ గేజీలు పెట్టి చూశాడు. లో వైపు 58 పీఎస్ఐ, హై వైపు 340. రెండూ ఎక్కువే. కండెన్సర్ మీద నీళ్లు చల్లితే హై 270కి దిగింది, గాలి చల్లబడింది. కంప్రెసర్ నిర్దోషి అని తేలింది.

మర్నాడు తెల్లవారి, ఇంజిన్ వేయకముందే, ఇంకో పరీక్ష. రాత్రంతా ఆగి ఉన్న కారులో 30 డిగ్రీల దగ్గర శుద్ధమైన ఆర్-134ఎ ఒత్తిడి సుమారు 97 పీఎస్ఐ ఉండాలి. లోపల ద్రవం మిగిలి ఉన్నంతవరకు గ్యాస్ ఎక్కువైనా తక్కువైనా ఈ అంకె మారదు. ఇక్కడ 115 చూపింది. అంటే లోపల గాలి చేరింది. వాక్యూమ్ సరిగా తీయకుండానే గ్యాస్ నింపారన్నమాట.

గ్యాసును సిలిండరులోకి వెనక్కి లాగి తూచితే 720 గ్రాములు వచ్చింది. బానెట్ కింద స్టిక్కరు మీద ఆర్-12 లెక్క 700 గ్రాములు. ఎక్కడ తప్పిందో అప్పుడు అర్థమైంది. సైట్ గ్లాసులో బుడగలు పోయేదాకా నింపడం పాత గ్యాసు నాటి పద్ధతి. కొత్త గ్యాసుకు ఆ పద్ధతి నమ్మదగినది కాదు, సరిగ్గా ఉన్నా కొన్ని బుడగలు కనిపించవచ్చు. తూకమే ప్రమాణం.

పాత నూనె కడిగి, డ్రయర్, రింగులు మార్చి, 45 నిమిషాలు వాక్యూమ్ తీసి, ఎస్టర్ ఆయిల్ పోసి, 700కి 85 శాతం లెక్కన 595 గ్రాములు నింపారు. కండెన్సర్ ముందు అదనంగా ఒక ఎలక్ట్రిక్ ఫ్యాన్ పెట్టారు. థర్మామీటరు 11 డిగ్రీలు చూపింది. ఖర్చు రూ.6,000 పైచిలుకు. కంప్రెసర్ మార్చి ఉంటే రెట్టింపు దాటేది, చల్లదనమూ వచ్చేది కాదు.

మరవకూడని జాగ్రత్తలు

చౌకగా వస్తుందని వంటగ్యాసు లాంటి మండే వాయువును నింపనివ్వకండి. లీకైతే అది క్యాబిన్‌లోకే వస్తుంది. పాత గ్యాసును గాలిలోకి వదలనివ్వకండి. సిలిండరులోకి లాగే యంత్రం ఉన్నచోటికే వెళ్లండి. ద్రవ రూపంలోని గ్యాసు కంటికి, చర్మానికి తగిలితే గడ్డకట్టించి గాయం చేస్తుంది కాబట్టి గొట్టాలు మీరు విప్పకండి. పని అయ్యాక ఏ గ్యాసు, ఏ నూనె, ఎన్ని గ్రాములు, ఏ తేదీ అన్నవి రాసిన స్టిక్కరును బానెట్ కింద అంటించమనండి. తర్వాత వచ్చే మెకానిక్‌కు అదే పాస్‌బుక్.

పాత కారు ఏసీ కొత్త కారు ఏసీ అంత చల్లగా ఉండాలని ఆశించవద్దు. కానీ పెద్ద భాగం మార్చాలని ఎవరైనా చెబితే, డబ్బు కట్టే ముందు మూడు అంకెలు అడగండి: లో ఎంత, హై ఎంత, ఎన్ని గ్రాములు నింపారు? వీటికి జవాబు చెప్పగలిగినవాడి చేతికే తాళం ఇవ్వండి.