రంగుచేపల మూతిపై పుండా? జబ్బు తేల్చుకున్నాకే మందు

పెరటి తొట్లలో రంగుచేపలు పెంచే రైతులు ఒక కొత్త జబ్బు గురించి తెలుసుకోవాలి. అమెరికాలో టైగర్ బార్బ్, టెట్రా రకాలను చంపిన ఈ జబ్బుకు కారణం ఒక బ్యాక్టీరియా. దానికి 2020లో 'ఎరిసిపెలోత్రిక్స్ పిస్కిసికేరియస్' అని పేరు పెట్టారు. పందులకు ఎరిసిపెలాస్ జబ్బు తెచ్చే క్రిమికి ఇది దగ్గరి చుట్టం.

లక్షణాలు: మూతి, దవడ చుట్టూ చర్మం ఎర్రబడి పుండు పడుతుంది. కండ కుళ్లుతుంది. క్రిమి లోపలి అవయవాలకూ పాకి, చేపలు చనిపోతాయి.

చిక్కంతా ఇక్కడే. పాత జబ్బు కాలమ్నారిస్‌లోనూ మూతి పుండు పడుతుంది, దూదిలాంటి తెల్లపొర కడుతుంది. కంటితో చూసి ఏ జబ్బో చెప్పలేం. ప్రయోగశాలలో గ్రామ్ రంగు పరీక్ష చేస్తే కాలమ్నారిస్ క్రిమి ఎర్రగా, కొత్త క్రిమి సాధారణంగా ఊదారంగులో కనిపిస్తుంది. జన్యు పరీక్షతో ఖాయం చేసుకోవచ్చు. ఒకదానికి పనిచేసిన మందు రెండోదానికి పనిచేయకపోవచ్చు. అందుకే దుకాణం వాళ్లు చెప్పిన మందు పోసి డబ్బు, రోజులు పోగొట్టుకోవద్దు.

ఏం చేయాలి?

* జబ్బు చేసి ఇంకా బతికున్న రెండు మూడు చేపలను ఆక్సిజన్ నింపిన సంచిలో పరీక్షకు తీసుకెళ్లాలి. చచ్చి కుళ్లిన చేప పనికిరాదు.
* కొత్తగా కొన్న చేపలను 3-4 వారాలు విడి తొట్టిలో ఉంచాలి. వాటి వల, బకెట్ వేరుగా పెట్టుకోవాలి.
* చచ్చిన చేపలను వెంటనే తీసి పూడ్చాలి.
* పందుల జబ్బు క్రిమి గాయాల ద్వారా మనుషులకూ సోకుతుంది. కాబట్టి చేతికి గాయముంటే తొడుగు లేకుండా తొట్టిలో చెయ్యి పెట్టొద్దు.