కుక్కల బండి

పిల్లలూ! మీ వీధిలో తిరిగే కుక్కలలో కొన్నింటికి ఒక చెవి కొన కత్తిరించి ఉంటుంది. ఎప్పుడైనా గమనించారా? కుక్కలు పోట్లాడుకొన్నప్పుడు ఊడిపోయి ఉంటుందని చాలామంది అనుకొంటారు. నేనూ చాలాకాలం అలాగే అనుకొన్నాను. అసలు సంగతి మొన్న వానాకాలంలో గాని నాకు తెలియలేదు. ఎలా తెలిసిందో చెబుతాను.

మా వీధి మొదట్లో ఒక ఇస్త్రీ బండి ఉన్నది. దాని క్రింద ఒక గోధుమరంగు ఆడకుక్క పడుకొని ఉంటుంది. మా మనుమడు దానికి బుజ్జి అని పేరు పెట్టాడు. వాడు నాలుగవ తరగతి. రోజూ బడికి పోతూ దానికొక బిస్కట్టు వేస్తాడు. ఒకనాడు పొద్దున్నే వాడు ఏడుస్తూ తిరిగివచ్చాడు.

"తాతయ్యా, బుజ్జి చెవి వెనుక పెద్ద పుండు! అందులో ఏవో కదులుతున్నాయి!"

వెళ్ళి చూచాను. పుండు నిండా తెల్లని పురుగులు. ఈగలు పుండుమీద వాలి గుడ్లు పెడతాయి. ఒక్కరోజు తిరగకుండానే ఆ గుడ్లు పగిలి పురుగులు బయటికి వస్తాయి. అవి మాంసాన్ని తింటూ లోపలికి తొలుచుకొని పోతాయి. కాలిమీదో వీపుమీదో అయితే కుక్క నాకి శుభ్రం చేసుకొంటుంది. చెవి వెనుకకు నాలుక అందదు కదా!

మా ఊరి చివర జంతువుల శరణాలయం ఒకటి ఉన్నది. అక్కడికి ఫోను చేశాను. "వస్తామండీ, కుక్కను కనిపెట్టుకొని ఉండండి" అన్నారు. తొమ్మిది గంటలకు ఫోను చేస్తే రెండు గంటలకు వచ్చారు. నేను హెడ్మాస్టరుగా ఉన్న రోజుల్లో అయిదు నిమిషాలు ఆలస్యంగా వచ్చినవాణ్ణి కూడా ఊరికే వదిలేవాణ్ణి కాను. అందుచేత నాలుగు మాటలు అందామని సిద్ధంగా నిలబడ్డాను. వానులోనుంచి దిగిన ఇద్దరికీ నడుము దాకా బురద అంటుకొని ఎండిపోయి ఉన్నది.

"ఒక గేదె మురుగు కాలువలో కూరుకుపోయిందండీ. తాళ్ళు వేసి పైకి లాగేసరికి ఇంత వేళయింది. మధ్యాహ్నం అన్నం కూడా తినలేదు" అన్నాడు డ్రైవరు.

నేను అనదలచుకొన్న మాటలు నోట్లోనే ఉండిపోయాయి.

రెండవ అతను కుక్కలు పట్టేవాడు. ముప్పయి అయిదేళ్ళు ఉంటాయేమో. అతను వలను వీపు వెనుక దాచుకొని వెళ్ళి, బుజ్జికి పది అడుగుల దూరంలో నేలమీద చతికిలబడ్డాడు. దానివైపు చూడనైనా చూడలేదు, ప్రక్కకు తిరిగి కూర్చున్నాడు. మా మనుమడికి ఇది వింతగా తోచింది. ఇందులో రహస్యం ఉన్నది. కొత్తవాడు తన కళ్ళలోకి సూటిగా చూస్తే కుక్క దానిని బెదిరింపు అనుకొంటుంది. నిలబడి మీదికి వంగితే మరీ భయపడుతుంది. భయపడిన కుక్క పారిపోతుంది, దారి లేకపోతే కరుస్తుంది. అతను అలా పావుగంట కూర్చున్నాడు. జేబులోనుంచి ఉడికిన మాంసం ముక్కలు తీసి ఒక్కొక్కటి కొంచెం కొంచెం దగ్గరగా వేశాడు. బుజ్జి నాలుగవ ముక్కకు వచ్చింది. అంతే, వల పడింది. వెంటనే ఒక గుడ్డపట్టీతో దాని మూతి కట్టాడు, కోడెదూడకు చిక్కం కట్టినట్టు. "మంచి కుక్కేనండీ. కాని నొప్పిలో ఉన్నప్పుడు దానికి మంచీ చెడూ తెలియదు" అన్నాడు. అతని ముంజేతిమీద పాత పళ్ళగాట్లు నాలుగైదు కనబడ్డాయి.

ఆ పళ్ళగాట్లు చూడగానే నాకు రేబిస్ గుర్తుకు వచ్చింది. రేబిస్ క్రిములు కాటులోనుంచి నరాల వెంబడి మెల్లగా మెదడుకు ప్రాకుతాయి. జబ్బు లక్షణాలు పైకి కనిపించిన తరువాత మనిషి బ్రతకటం దాదాపు లేదు. క్రిములు మెదడుకు చేరకముందే టీకా పనిచేయాలి. 1885లో ఫ్రాన్సు దేశంలో పాశ్చరు అనే శాస్త్రజ్ఞుడు జోసెఫ్ మైస్టరు అనే తొమ్మిదేళ్ళ కుర్రవాణ్ణి, సరిగ్గా మా మనుమడి ఈడువాణ్ణి, ఈ విధంగానే బ్రతికించాడు. శరణాలయాలలో కుక్కలను పట్టేవారు కాటు పడకముందే టీకాలు వేయించుకొని పనిలో దిగాలి. కాటు పడితే వారికి కూడా మళ్ళీ టీకా తప్పదు. మనబోటివారిని కుక్క కరిస్తే, గీరినా సరే, వెంటనే గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీటిక్రింద పదిహేను నిమిషాలు కడగాలి. ఆ తరువాత ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి పోవాలి. అమ్మ తిడుతుందని దాచిపెట్టే పిల్లలను నేను బడిలో చూచాను. తిట్లకు ఎవరూ చావరు!

మరునాడు ఉదయం మేమిద్దరం బుజ్జిని చూడటానికి వెళ్ళాము. వెళ్ళేసరికి ఒక ఆయమ్మ గదులు కడుగుతున్నది. ఆమె తెల్లవారుజామున అయిదింటికే వస్తుందట. నూరుకు పైగా కుక్కలు రాత్రంతా ఉన్నచోటు ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి. నేను ముక్కు మూసుకొన్నాను, దాచటం దేనికి! ఆమె మాత్రం ప్రతి గది ముందూ ఆగి, లోపలి కుక్కను పలకరించి, నేలమీద ఏమి ఉన్నదో చూచి, తరువాతనే నీళ్ళు కొట్టింది. "ఎవరు విరేచనాలు చేసుకొన్నారో, ఎవరు రాత్రి అన్నం ముట్టలేదో డాక్టరుగారికి నేనే చెప్పాలండీ. అవి నోరు తెరిచి చెప్పవు గదా" అన్నది. డాక్టరు వచ్చేసరికి సగం వైద్యం ఆయమ్మ చీపురుతోనే అయిపోతుందన్నమాట.

కుక్కపిల్లల గది మాత్రం ఆమె చిట్టచివరకు ఉంచింది. దానికి కారణం పార్వో అనే జబ్బు. ఇది 1978 ప్రాంతాల్లో ప్రపంచమంతటా వ్యాపించింది. పిల్లకుక్కలు వాంతులతో, నెత్తుటి విరేచనాలతో రెండు మూడు రోజుల్లోనే ప్రాణం విడుస్తాయి. దాని క్రిమి నెలల తరబడి మట్టిలో బ్రతికి ఉండగలదు. చెప్పు అడుగున, చీపురు పుల్లకు, చీరె అంచుకు అంటుకొని ఒక గదినుంచి మరొక గదికి పోతుంది. అందుచేత ఆమె గుమ్మంలో చెప్పులు మార్చుకొని, బ్లీచింగు పొడి కలిపిన నీళ్ళలో అడుగుపెట్టి లోపలికి పోయింది. లోపలికి వెళ్ళిన తరువాత మళ్ళీ తక్కిన కుక్కల దగ్గరికి ఆ పూట రాదు. ఆ క్రిమిని నేరుగా చంపే మందు లేదు. సూదిద్వారా సెలైను ఎక్కిస్తూ, వెచ్చగా ఉంచుతూ, పిల్ల తన బలంతో తాను గట్టెక్కేదాకా కాపలా కాయటమే వైద్యం.

అంతకు నాలుగు రోజుల క్రితం ఎవరో అట్టపెట్టెలో అయిదు పిల్లలను పెట్టి రాత్రివేళ గేటు ముందు వదిలి పోయారట. మేము వెళ్ళేనాటికి రెండు మిగిలాయి. వాటి పేర్లేమిటని మా మనుమడు అడిగాడు.

"పేరు పెడితే పోయినప్పుడు ఎక్కువ బాధ, బాబూ. పెట్టవద్దనే అనుకొంటాను. పెట్టకుండా ఉండలేను" అన్నది ఆయమ్మ. చచ్చిపోయిన మూడింటి పేర్లూ చెప్పింది. వాడు ఇంటికి వచ్చి వాటిని తన లెక్కల పుస్తకం వెనుక వ్రాసుకొన్నాడు.

బుజ్జి ఒక బల్లమీద పడుకొని ఉన్నది. కాంపౌండరు పుండులో మందు వేసి, పైకి వచ్చిన పురుగులను చిన్న పటకారుతో ఒక్కొక్కటే తీస్తున్నాడు. మా వాడు లెక్కపెడుతూ వంద దాటాక తప్పిపోయాడు. ఆ పని గంటసేపు పట్టింది. కాంపౌండరు ఒక్కసారి కూడా నడుము ఎత్తలేదు. ఒక్క పురుగు లోపల మిగిలినా మళ్ళీ మొదటికి వస్తుందట.

పుండు మానిన తరువాత డాక్టరుగారు మత్తుమందు ఇచ్చి, ఇక పిల్లలు పుట్టకుండా దానికి ఆపరేషను చేశారు. రేబిస్ టీకా కూడా వేశారు. మత్తులో ఉండగానే చెవి కొన కొద్దిగా కత్తిరించారు. దీనికి ఆపరేషను అయిపోయింది, మళ్ళీ పట్టి కోయవద్దు అని చెప్పే గుర్తు అది. ఆడకుక్క తొమ్మిది వారాలు మోసి పిల్లలను పెడుతుంది. సాధారణంగా ఏటికి రెండుసార్లు పెట్టగలదు. ఆ పిల్లలలో ఎక్కువభాగం బండ్ల క్రింద పడో, జబ్బు చేసో పోతాయి. పుట్టి చావటంకంటే పుట్టకపోవటమే మేలని డాక్టరుగారి అభిప్రాయం.

ప్రతి కుక్క మెడకూ ఒక నెంబరు కట్టి ఉన్నది. ఏ నెంబరును ఏ వీధిలో, ఏ గుర్తు దగ్గర పట్టారో ఒక పుస్తకంలో వ్రాస్తారు. బుజ్జి పేరు ఎదుట "ఇస్త్రీ బండి" అని ఉన్నది. తిరిగి అక్కడే దింపాలి. వేరే వీధిలో వదిలితే అక్కడి కుక్కలు దానిని బ్రతకనివ్వవు. ఖాళీ అయిన వీధిలోకి ఆపరేషను కాని, టీకా లేని కొత్త కుక్కలు వచ్చి చేరతాయి. 2001లో మన దేశంలో వచ్చిన నియమాలూ, వాటి స్థానంలో 2023లో వచ్చినవీ పట్టినచోటనే వదలాలని చెప్పాయి. అయితే బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల వంటి చోట్ల పట్టిన కుక్కలను మళ్ళీ అక్కడ వదలవద్దనీ, శరణాలయాలలోనే ఉంచాలనీ 2025లో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆయమ్మ చేతికి ఇంకా ఎన్ని గదులు పెరుగుతాయో!

ఆ నెంబర్ల పుస్తకం వ్రాసేది మొన్న వల వేసిన అతనే. నేను అతని దస్తూరీ మెచ్చుకొంటే సిగ్గుపడ్డాడు.

"మా నాన్న కూడా కుక్కలు పట్టేవాడేనండీ. ఆయనకు ఈ పుస్తకం అవసరం ఉండేది కాదు. ఆయన పట్టినవి తిరిగి పోయేవి కావు" అన్నాడు.

మీ తాతగారినడిగితే కుక్కల బండి అంటే ఏమిటో చెబుతారు. కుక్కలను పట్టి చంపటం ఒకప్పుడు అన్ని పట్టణాలలోనూ మామూలు. మద్రాసు నగరంలో ఈ పని 1860లో మొదలయింది. 1996 నాటికి అక్కడ రోజుకు సుమారు 135 కుక్కలను చంపేవారు. నూటముప్పయి ఆరు సంవత్సరాలు చంపినా కుక్కలు తగ్గలేదు, రేబిస్ పోలేదు. ఆ నగరంలోనే 1959లో పెద్ద వానలు కురిసి వీధులు మునిగినప్పుడు, కెప్టెన్ సుందరం అనే విమాన చోదకుడు నీళ్ళలో కొట్టుకుపోతున్న రెండు కుక్కపిల్లలను ఇంటికి తెచ్చుకొన్నాడు. బ్లూ క్రాస్ సంస్థ అలా పుట్టింది. చంపటం మాని ఆపరేషను చేసి వదలమని ఆ సంస్థవారు 1964 నుంచి చెబుతూ వచ్చారు. నగరపాలకులు ఆ మాట విన్నది 1996లో! హైదరాబాదులో బ్లూ క్రాస్‌ను 1992లో అక్కినేని అమల స్థాపించారు. విశాఖపట్నంలో 1996లో మరొక సంస్థ ఏర్పడింది.

అతను తండ్రి మాట ఎత్తగానే నేను తల దించుకొన్నాను. ఎందుచేతనో ఇప్పుడు చెబుతాను.

1986లో నేను ఒక చిన్న పట్టణంలో ఉపాధ్యాయుడిగా కొత్తగా చేరాను. మా బడిలో రాజు అనే నల్లకుక్క ఉండేది. పిల్లలు తెచ్చుకొన్న అన్నంలో దానికీ ఒక ముద్ద ఉండేది. అది తన పిల్లవాడిమీద గుర్రుమన్నదని ఒక పెద్దమనిషి ఫిర్యాదు చేశాడు. ఉత్తరం వ్రాసి బండిని పిలిపించాలని పెద్దలు నిర్ణయించారు. నా దస్తూరీ బాగుంటుంది కనుక ఆ ఉత్తరం నేనే వ్రాశాను. బండి వచ్చింది. ఇనుప పటకార్లు చూచి రాజు బల్లల క్రింద దూరి ఎంతకూ బయటికి రాలేదు. "పంతులుగారూ, మీరు పిలిస్తే వస్తుంది" అన్నారు వాళ్ళు.

నేను పిలిచాను. అది తోక ఊపుతూ వచ్చింది.

ఏడవ తరగతి పిల్లలు కిటికీలోనుంచి చూస్తున్నారు. ఆ మధ్యాహ్నం నేను హాజరు పిలిస్తే అందరూ పలికారు గాని, ఒక్కడూ తలయెత్తి నావైపు చూడలేదు.

ఈ సంగతి మా మనుమడికి నేను ఇంతవరకు చెప్పలేదు. వాడు ఈ పత్రిక తప్పకుండా చదువుతాడు.

పన్నెండవ రోజున వాను మా వీధికి వచ్చింది. ప్రక్కింటాయన గుమ్మంలోకి వచ్చి, "పట్టుకొని పోయినదాన్ని మళ్ళీ ఎందుకు తెచ్చారయ్యా?" అని కేకలు వేశాడు. ఆయనకు చిన్నపిల్లలున్నారు, ఆయన భయం అబద్ధం కాదు. అతను ఆయనకు ఎదురు చెప్పకుండా, టీకా వేసిన చీటీ చూపించి, చెవి గుర్తు చూపించి, నిదానంగా అయిదు నిమిషాలు మాట్లాడాడు. ఆయన పూర్తిగా ఒప్పుకొన్నట్టు లేదు గాని, లోపలికి వెళ్ళిపోయాడు. ఇటువంటి మాటలు రోజుకు ఎన్ని వీధుల్లో పడతారో!

తలుపు తీయగానే బుజ్జి దిగి, ఒకసారి ఒళ్ళు దులుపుకొని, నేరుగా ఇస్త్రీ బండి క్రిందికి పోయి పడుకొన్నది. మా మనుమడు బిస్కట్టు పొట్లంతో పరుగెత్తాడు. అతను పుస్తకం తీసి బుజ్జి నెంబరు ఎదుట టిక్కు పెట్టాడు.

"లోపలికి రా నాయనా, కాఫీ త్రాగి వెళుదువు గాని" అన్నాను.

"మరోసారి వస్తానండీ. వానులో ఇంకా మూడు ఉన్నాయి" అని అతను తలుపు మూశాడు.