చైతన్యపురి బండ నుంచి బరోడా దాకా

గడ్డిఅన్నారం అంటే మొన్నమొన్నటిదాకా పళ్ల మార్కెట్టు, దిల్‌సుఖ్‌నగర్ అంటే కోచింగ్ సెంటర్లు. పక్కనే చైతన్యపురిలో మెట్రో దిగి మూసీ వైపు వెళ్తే ఫణిగిరి కాలనీ, అక్కడ కోసగుండ్ల నరసింహస్వామి గుడి. ఆ గుట్ట బండ మీద దాదాపు పదిహేను వందల ఏళ్ల నాటి శాసనం ఉందని కాలనీలో ఎంతమందికి తెలుసో! లిపి బ్రాహ్మి, భాష ప్రాకృతం. విష్ణుకుండిన రాజు గోవిందవర్మ పేరు మీద వెలసిన బౌద్ధ విహారం ఊసు అందులో ఉంది. హైదరాబాద్ చుట్టుపక్కల దొరికిన అతి పాత శాసనాల్లో ఇదొకటి.

బండను మ్యూజియానికి మోసుకుపోలేం కదా. అందుకే శాసన పరిశోధకులు దాని అచ్చు తీసుకెళ్తారు. రాయిని శుభ్రంగా కడిగి, తడి కాగితం పరిచి, అక్షరాల గుంటల్లోకి దిగేలా బ్రష్షుతో కొట్టి, పైన సిరా అద్దుతారు. నల్లటి కాగితం మీద తెల్లటి అక్షరాలు లేస్తాయి. ఇక చదవడం మొదలవుతుంది, అది నెలలూ పట్టొచ్చు.

చైతన్యపురి శాసనాన్ని చదివి లోకానికి చెప్పిన పి.వి. పరబ్రహ్మశాస్త్రిగారే చందుపట్ల శాసనాన్నీ వెలుగులోకి తెచ్చారు. ఎల్.బి.నగర్ దాటి విజయవాడ రోడ్డు పట్టుకుంటే నకిరేకల్ దగ్గర వస్తుంది ఆ ఊరు. చనిపోయిన రుద్రమదేవికి, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడికి పుణ్యం కలగాలని పువ్వుల ముమ్మడి అనే బంటు 1289లో వేయించిన రాయి అది. రుద్రమ ఎప్పుడు పోయిందన్న చిక్కుముడి విప్పింది ఒక బంటు వేయించిన రాయే. రాజుల శాసనాల కన్నా ఇలాంటివే నాకు ఎక్కువ నచ్చుతాయి.

శాసనం సంగతి వేరు, తవ్వకం సంగతి వేరు. తవ్వితే బంగారం దొరకదు, బస్తాల కొద్దీ కుండ పెంకులు దొరుకుతాయి. ప్రతి పెంకు మీదా ఊరి గుర్తు, సంవత్సరం, గుంట, పొర సిరాతో రాయాలి. రాయకపోతే అది వట్టి పెంకే. యూనివర్సిటీలో పురావస్తు శాఖ నడిపేవారి జీవితంలో సగం ఈ పెంకుల లెక్కకే పోతుంది. పేపర్లో ఫొటో పడేది మాత్రం తవ్విన రోజునే.

అలా శాఖను నడిపినవారిలో బెండపూడి సుబ్బారావుగారి పేరు ముందు చెప్పాలి. పుణె దక్కన్ కాలేజీలో హెచ్.డి. సంకాలియా శిష్యుడు. బళ్లారి ప్రాంతపు రాతియుగం మీద ఆయన పుస్తకం 1948లో వచ్చింది. తర్వాత బరోడా మహారాజా సయాజీరావు యూనివర్సిటీలో పురావస్తు శాఖను నిలబెట్టారు. ఎక్కడో అడవుల్లోకి పోకుండా బరోడా ఊరినే 1951–52లో తవ్వి, మరుసటి ఏడాదికల్లా నివేదిక అచ్చు వేయించారు. తవ్వకాల నివేదికలు దశాబ్దాల తరబడి అటకెక్కే మన దేశంలో అది చిన్న విషయం కాదు. 1956లో ఆయన రాసిన ‘ది పర్సనాలిటీ ఆఫ్ ఇండియా’ దేశంలో ఏ సంస్కృతి ఎక్కడ ఎందుకు నిలిచిందో, ఎక్కడ ఆగిపోయిందో నేల తీరుతో ముడిపెట్టి చెప్పింది. నలభై దాటీ దాటకుండానే 1962లో పోయారు.

అదే దక్కన్ కాలేజీకి తర్వాతి కాలంలో డైరెక్టరైన మరో తెలుగువారు కత్రగడ్డ పద్దయ్య, 2012లో పద్మశ్రీ. కర్ణాటకలోని హుణసగి లోయలో ఏళ్ల తరబడి తిరిగి, ఇసాంపూర్ దగ్గర ఆదిమానవుల పనిముట్ల కార్ఖానాను బయటపెట్టారు. సున్నపురాయి పలకలు ఏరుకుని అక్కడికక్కడే గొడ్డళ్లు చెక్కుకున్న చోటు అది. అక్కడి జంతువుల పళ్ల పింగాణీని పరీక్షిస్తే వయసు సుమారు 12 లక్షల ఏళ్లని తేలింది.

మన గచ్చిబౌలి హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ఇంకో రకం. అక్కడ తవ్వకానికి ఊరు దాటి పోనక్కర్లేదు, క్యాంపస్‌లోనే బృహచ్ఛిలా యుగపు సమాధులున్నాయి. చరిత్ర శాఖ ఆచార్యులు కె.పి. రావు వాటిని తవ్వితే ఇనుప వస్తువులు దొరికాయి. వాటి కాలం క్రీ.పూ. 2000కు అటూ ఇటూ వెళ్తుందని 2015లో ఆయన ప్రకటించారు. దక్షిణాదిన ఇనుము అంత వెనక్కి పోతుందా అని పండితులు అప్పటినుంచీ వాదించుకుంటూనే ఉన్నారు.