విడిపోయిన దంపతుల ఉమ్మడి పన్ను బాధ్యతలు: విశాఖ వన్ టౌన్ నేపథ్యంలో ఒక పరిశీలన

వ్యాస సంగ్రహం: భారతదేశంలో భార్యాభర్తలు ఉమ్మడిగా ఆదాయపు పన్ను రిటర్ను దాఖలు చేసే విధానం లేదు. అయినప్పటికీ ఒకరు మరొకరికి రాసిచ్చిన ఇల్లు, ఇద్దరి పేరిట ఉన్న గృహరుణం, పిల్లల పేరిట ఉన్న డిపాజిట్లు విడిపోయిన తరువాత కూడా వారి పన్ను లెక్కలను ముడివేసి ఉంచుతాయి. ఆ ముడి ఏ దశలో, ఏ పత్రంతో వీడుతుందో వివరించడం ఈ వ్యాస లక్ష్యం. ఇందులోని సెక్షన్ల సంఖ్యలు 1961 నాటి ఆదాయపు పన్ను చట్టానివి.

కీలకపదాలు: ఆదాయపు పన్ను, విడాకులు, భరణం, స్త్రీధనం, ఆస్తిపన్ను, వన్ టౌన్.

1. ఉపోద్ఘాతం

విశాఖపట్నం పాతనగరమే నేటి వన్ టౌన్. కురుపాం మార్కెట్, టౌన్ హాలు పరిసరాలలోని పాత ఇళ్లలో కింది వాటాను అద్దెకిచ్చి పై వాటాలో యజమాని నివసించడం పరిపాటి. ఓడరేవు ఉద్యోగి ఒకరు అటువంటి ఇంటిని ప్రతిఫలం లేకుండా సెటిల్మెంటు దస్తావేజుతో భార్యకు రాసిచ్చాడని ఊహిస్తే, కొన్నేళ్లకు వారు విడిపోయారు, విడాకులు తీసుకోలేదు. కింది వాటా అద్దె నెలకు 15,000 రూపాయలు ఆమె చేతికే వస్తోంది. ఈ అద్దెపై పన్ను ఎవరు చెల్లించాలి? ఆమే అని లోకజ్ఞానం చెబుతుంది. చట్టం చెప్పే సమాధానం వేరు.

2. ఆదాయాన్ని కలిపే నిబంధన

తగిన ప్రతిఫలం లేకుండా జీవిత భాగస్వామికి ఇంటిని బదిలీ చేసిన వ్యక్తినే 27వ సెక్షన్ ఆ ఇంటి యజమానిగా భావిస్తుంది. ఇతర ఆస్తుల ఆదాయాన్ని 64వ సెక్షన్ ఇచ్చినవారి ఆదాయంలో కలుపుతుంది. పై ఉదాహరణలో ఏడాది అద్దె 1,80,000 రూపాయలు. 30 శాతం ప్రామాణిక మినహాయింపు పోగా 1,26,000 రూపాయలు భర్త ఆదాయంలో చేరుతుంది. అతడు 30 శాతం శ్రేణిలో ఉంటే సెస్సుతో కలిపి 39,312 రూపాయలు చెల్లించవలసి వస్తుంది. తన చేతికి రాని అద్దెకు ఇది అతడు కట్టే పన్ను.

ఈ రెండు సెక్షన్లలోనూ ఒక మినహాయింపు ఉంది. విడిగా జీవించాలన్న ఒప్పందానికి అనుబంధంగా జరిగిన బదిలీకి ఈ నిబంధనలు వర్తించవు. ఆర్. దాల్మియా కేసులో ఢిల్లీ హైకోర్టు ఈ మినహాయింపును విస్తృతంగా వ్యాఖ్యానించి, స్వచ్ఛందంగా కుదుర్చుకున్న ఒప్పందాలకూ వర్తింపజేసింది. కనుక ఆస్తి బదిలీకి, విడిగా ఉండాలన్న ఒప్పందానికి గల సంబంధం దస్తావేజులో స్పష్టంగా కనిపించాలి. కాపురం సవ్యంగా ఉన్న రోజుల్లో రాసిచ్చిన ఇంటికి, తరువాత వేరుపడినంత మాత్రాన ఈ రక్షణ లభించదు.

విడాకుల డిక్రీ తరువాత స్థితి మారుతుంది. ఫిలిప్ జాన్ ప్లాస్కెట్ థామస్ కేసులో సుప్రీంకోర్టు, 1922 నాటి చట్టంలోని సమాన నిబంధనను పరిశీలిస్తూ, ఆస్తి బదిలీ నాడూ ఆదాయం సమకూరిన నాడూ భార్యాభర్తల సంబంధం ఉండాలని నిర్ణయించింది. డిక్రీతో ఆ సంబంధం ముగుస్తుంది.

పసుపుకుంకుమ కింద పుట్టింటివారు ఇచ్చిన ఆస్తి భర్త బదిలీ చేసినది కాదు. కనుక దాని ఆదాయం మొదటినుంచీ భార్యదే. స్త్రీధనం స్త్రీ సొంత ఆస్తి అని ప్రతిభారాణి కేసులో 1985లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. కాగా అత్తమామలు ప్రతిఫలం లేకుండా కోడలికి ఇచ్చిన ఆస్తి ఆదాయాన్ని 64వ సెక్షన్ ఇచ్చినవారి ఆదాయంలోనే కలుపుతుంది. అక్కడ విడిగా జీవించే ఒప్పందమనే మినహాయింపు లేదు.

3. ఉమ్మడి ఇల్లు, రుణం, ఆస్తిపన్ను

ఇల్లు ఇద్దరి పేరిట ఉండి వాటాలు నిర్దిష్టంగా ఉంటే 26వ సెక్షన్ ప్రకారం ఎవరి వాటా ఆదాయం వారిదే. గృహరుణ వడ్డీ మినహాయింపు పొందడానికి యజమాన్యమూ ఉండాలి, వడ్డీ భారమూ మోయాలి. పాత పన్ను విధానంలో సొంత నివాసానికి ఒక్కొక్కరికి గరిష్ఠంగా 2,00,000 రూపాయలు లభిస్తుంది. కొత్త విధానంలో సొంత నివాసానికి ఈ వడ్డీ మినహాయింపు లేదు. విడిపోయిన తరువాత ఒక్కరే వాయిదాలు కడుతున్నా బ్యాంకు ధ్రువపత్రం ఇద్దరి పేరిట రావచ్చు. అప్పుడు ఎవరి ఖాతానుంచి సొమ్ము వెళ్లిందో చూపడమే ఆధారం.

ఉమ్మడి డిపాజిట్ల వడ్డీపై మూలంలో కోసిన పన్ను సాధారణంగా మొదటి పేరుదారు పాన్ ఖాతాలో నమోదవుతుంది. వడ్డీ మరొకరిదైతే ఆ సంగతిని బ్యాంకుకు లిఖితపూర్వకంగా ప్రకటించాలి.

మహా విశాఖ నగరపాలక సంస్థ విధించే ఆస్తిపన్ను దంపతుల తగవును బట్టి ఆగదు; బకాయి భవనాన్నే అంటిపెట్టుకుని ఉంటుంది. అద్దె ఆదాయం నుంచి ఈ పన్నును మినహాయించుకోవాలంటే యజమాని దానిని ఆ ఏడాదిలో వాస్తవంగా చెల్లించి ఉండాలి. పై ఉదాహరణలో చట్టం దృష్టిలో యజమాని భర్త, రసీదు భార్యది. మినహాయింపు వివాదంలో పడే అవకాశం ఇక్కడే ఉంది.

4. భరణం, పిల్లల ఆదాయం

మహేశ్వరీదేవి కేసులో బొంబాయి హైకోర్టు, డిక్రీ ప్రకారం ఏకమొత్తంగా అందిన భరణం మూలధన స్వభావం గలదని, నెలనెలా అందేది ఆదాయమని తేల్చింది. ఇచ్చేవారికి రెండింటిలోనూ మినహాయింపు లేదు. కనుక ఏకమొత్తమా, నెలవారీయా అన్న ఎంపిక పుచ్చుకునేవారి పన్నును నేరుగా ప్రభావితం చేస్తుంది.

మైనరు పిల్లల ఆదాయం వివాహం కొనసాగినంతకాలం తల్లిదండ్రులలో ఎక్కువ ఆదాయం గలవారి ఖాతాలో చేరుతుంది. వివాహం రద్దయితే ఆ సంవత్సరంలో బిడ్డను పోషిస్తున్నవారి ఖాతాలో చేరుతుంది. బిడ్డ తల్లి దగ్గరే పెరుగుతున్నా విడాకులు కాకపోతే, ఎక్కువ ఆదాయం గల తండ్రి లెక్కలోనే అది ఉంటుంది.

5. ప్రవాస తెలుగువారు

అమెరికాలోని తెలుగు దంపతులకు సమస్య భిన్నమైనది. అక్కడ ఉమ్మడి రిటర్ను దాఖలు చేసిన ఏడాది పన్నుకు ఇద్దరూ కలిసీ విడివిడిగానూ బాధ్యులే. విడాకులు ఆ పాత బాధ్యతను తుడిచివేయవు. నిర్దోషి అయిన భాగస్వామి ఉపశమనం కోరవచ్చు. 2018 తరువాతి విడాకులలో భరణం ఇచ్చేవారికి మినహాయింపు లేదు, పుచ్చుకునేవారికి పన్ను లేదు.

6. ముగింపు

విడిపోవడం కుటుంబానికి ఒక రోజున జరిగే సంఘటన. పన్ను చట్టానికి అది మూడు దశలు: వేరుగా నివసించడం, విడిగా ఉండే ఒప్పందం, విడాకుల డిక్రీ. మొదటి దశ ఒక్కటే పన్ను బాధ్యతను దాదాపు ఏమాత్రం మార్చదు. దానిలోనే ఏళ్ల తరబడి నిలిచిపోయిన కుటుంబాలలో, అనుభవించేవారు ఒకరు, పన్ను కట్టేవారు మరొకరు అవుతారు. కనుక ఒప్పందం రాసుకునేటప్పుడే ఇల్లు, రుణం, డిపాజిట్లు, పిల్లల ఆదాయం, నగరపాలక బకాయి అనే అయిదు అంశాలనూ తేదీలతో సహా పేర్కొనడం ఉభయులకూ శ్రేయస్కరం.